వకీలమ్మ విన్న మాట

వకీలమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. జిమల్‌గట్టలో మా బడి వసారా చివర నిలబడితేనే సిగ్నల్ అందుతుంది. నేను అక్కడికి పరుగెత్తి ఎత్తేసరికి మాట తెగిపోయింది. మళ్లీ చేసింది, మళ్లీ తెగింది. చివరికి ఒక్క ముక్క చెవిన పడింది. "పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నదట, గట్లనే పోయింది." ఎవరు అని నేను అడగలేదు. ఆమెకు ఒంట్లో బాగా లేదని ముందునుంచీ తెలుసు. తరగతిలో పిల్లలకు లెక్కలు ఇచ్చి, పెద్దసారును సెలవు అడిగి, గొడుగు తీసుకుని రోడ్డు మీదికి వచ్చాను.

వానాకాలం. దారిలో వాగు రోడ్డెక్కింది, బస్సు ఇవతలే ఆగిపోయింది. డ్రైవరు బీడీ వెలిగించుకుని, నీళ్లు తగ్గితే పోదామన్నాడు. నీళ్లు తగ్గాయి, కానీ నేను సిరొంచ చేరేసరికి ప్రాణహిత ఒడ్డున అంతా అయిపోయింది. ఇంటి ముందు తడిసిన కుర్చీలు, వాటిలో మనుషులు. ఆమె గెలిపించినవాళ్లు కొందరు, ఆమె ఓడించినవాళ్లు కొందరు, ఆమె చేత తిట్లు తిన్నవాళ్లు కొందరు. తిట్లు తిన్నవాళ్లే ఎక్కువ కనిపించారు.

తరువాత ఒక సంతాప సభ పెట్టారు. మాది నదికి మరాఠీ రాష్ట్రం వైపు ఒడ్డు, అందుకని మరాఠీలో మాట్లాడారు. స్త్రీశక్తి అన్నారు, త్యాగమూర్తి అన్నారు. ఆమె విని ఉంటే "ఎవరి గురించి చెప్తున్నరే?" అని పక్కనున్నవాళ్లను అడిగేది. నేను ఆ సభలో ఏమీ మాట్లాడలేదు. నేను చెప్పాల్సింది ఒక తెలుగు మాట సంగతి, అది మరాఠీలో చెప్తే సగమే చెప్పినట్టు. అందుకే తెలుగులో రాస్తున్నాను.

వకీలమ్మది సిరొంచలోనే వరి పండించే ఇల్లు. నాగ్‌పూర్ వెళ్లి వకీలు చదువు చదివింది. అక్కడే ఉండిపోతే పెద్ద పేరు వచ్చేదని అందరూ అనేవారు. ఆమెను అడిగితే "నాగ్‌పూర్ల ఎండ ఎక్కువ" అనేది, సిరొంచలో ఏదో మంచు కురుస్తున్నట్టు. నల్లకోటును వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించేది. అందుకని ఆ కోటుకు ఎప్పుడూ పోపు వాసన. "మంచిదే గదా, జడ్జి సాబ్‌కు ఆకలైతది, పని జల్ది చేస్తడు" అని నవ్వేది. బుగ్గన లవంగం లేనిదే మాట బయటికి వచ్చేది కాదు. మోపెడ్ నడిపేటప్పుడు చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఎదురొచ్చిన ఆవులతో కూడా వాదించుకుంటూ పోయేది.

ఆమె దగ్గరికి కమలాపూర్ నుంచి, భామ్రాగడ్ నుంచి కూడా ఆడవాళ్లు వచ్చేవారు. వచ్చినవాళ్లకు ముందు అన్నం, తరువాతే కేసు. ఖాళీ కడుపుతో చెప్పే మాటల్లో సగం కోపమే ఉంటుందని ఆమె లెక్క. ఆమెది వచ్చీరాని గోండీ. తప్పు మాట్లాడి, ఆ వచ్చినామె నవ్వేదాకా ఆగేది. అప్పుడు అడిగేది, ఏమైందని.

ముందు గదిలో ఒక కుర్చీలో పెద్దవాళ్లను ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. తలుపు పక్క కుర్చీ. అది పిల్లలకు. "పిల్ల తలుపు దిక్కు కూసోవాలె. లేచి ఉరకాలనిపిస్తె ఉరకాలె. ఉరకొచ్చు అని తెలిస్తెనే కూసుంటది" అనేది. నేను మొదటిసారి ఆమె ఇంటికి వెళ్లినప్పుడు నన్నూ అందులోనే కూర్చోబెట్టింది. అప్పుడు నాకు ఏడేళ్లు.

అమ్మ నది అవతలి మనిషి, మంథని దిక్కు. పెళ్లయి ఇటు వచ్చింది. నాయన తునికాకు కల్లం దగ్గర కట్టల లెక్క రాసే మున్షీగా ఉండేవాడు. బయట ఆయనను అందరూ మంచివాడనే అనేవారు. అది అబద్ధం కాదు, బయట ఆయన మంచివాడే. ఇంట్లో అమ్మను కొట్టేవాడు. అన్నంలో రాయి తగిలితే కొట్టేవాడు, తగలకపోతే ఇంకోదానికి కొట్టేవాడు. అమ్మ ఒకరోజు నన్ను ఎత్తుకుని సిరొంచ వచ్చేసింది. ఒక గది అద్దెకు తీసుకుంది, బడిలో పిల్లలకు కిచిడీ వండే పని దొరికింది. నన్ను మరాఠీ బడిలో వేసింది.

పెద్దమనుషులు కూర్చుని ఒక ఏర్పాటు చేశారు. శనివారం నానమ్మ వచ్చి నన్ను నాయన ఊరికి తీసుకుపోవాలి, ఆదివారం సాయంత్రం తెచ్చి దింపాలి. పిల్లకు తండ్రి ప్రేమ కావాలి కదా అన్నారు. అమ్మ సరేనంది. సరేనకపోతే ఈమెదే తప్పంటారని భయం. కొన్నాళ్లకు నాయన కోర్టుకు వెళ్లాడు, పిల్లను పూర్తిగా నాకే ఇప్పించండని. అమ్మ చేతికి నోటీసు వచ్చింది. ఆ కాగితం పట్టుకునే మేము వకీలమ్మ ఇంటికి వెళ్లాం.

మా దగ్గర ఇలాంటి కేసుకు 'తాబా' అంటారు. మరాఠీ మాట. పొలం ఎవరి స్వాధీనంలో ఉందో దానికీ అదే మాట. "పిల్ల తాబా కోసం వచ్చిన అక్కా" అని అమ్మ అంటే వకీలమ్మ లవంగం పక్కకు తోసి కసిరింది. "తాబా పొలానికి చెల్లె. గట్టు జరిపితె పొలానికి నొప్పి పుట్టది. ఈ పిల్ల ఎక్కడ మంచిగ నిద్రపోతదో గది చెప్పు." అమ్మ ఏడ్చింది. వకీలమ్మ నా వైపు తిరిగింది.

నీకు అమ్మ కావాలా, నాయన కావాలా అని అప్పటికి నన్ను అడగనివాళ్లు లేరు. పక్కింటివాళ్లు అడిగారు, పెద్దమనుషులు అడిగారు, సంతలో గాజులమ్మే ఆమె కూడా అడిగింది. వకీలమ్మ అడగలేదు. ఆ తరువాత కూడా ఎప్పుడూ అడగలేదు. "అది అడుగుడు కాదు, పిల్ల నెత్తి మీద బండ పెట్టుడు" అనేది. ఆమె వేరే అడిగింది.

"బిడ్డా, రాత్రి మూత్రమొస్తె ఎవరిని లేపుతవు?"

"అమ్మను."

"నాయినోళ్ల ఇంట్ల?"

"లేప."

"మరెట్ల?"

"పట్టుకుంట. పొద్దుగాలదాంక."

ఆమె లోపలికి వెళ్లి పల్లీలు, బెల్లం తెచ్చి నా ఒడిలో పోసింది. అమ్మతో మాత్రం "ఇది కొట్లాడాల్సిన కేసే చెల్లె" అంది. నేను బెల్లం ముక్కలు ముందు ఏరుకుని తిన్నాను. ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు ఇరవై ఏళ్లు దాటాకగాని అర్థం కాలేదు. ఇప్పుడు మా ఆశ్రమ బడిలో చేరే కొత్త పిల్లలను నేనూ అదే అడుగుతున్నాను.

కోర్టు ఏ ఊళ్లోనో రాయను. బస్సులో చాలా దూరం, అంతే. తారీఖులు పడుతూ పోయాయి. నాయన తరఫు వకీలు పెద్దమనిషి, మెల్లగా మాట్లాడేవాడు. మొగుడూ పెళ్లాల గొడవ వేరు, తండ్రీ కూతుళ్ల ప్రేమ వేరు అన్నాడు. భార్య మీద ఎప్పుడో చెయ్యి చేసుకుని ఉండవచ్చు, పిల్ల మీద మాత్రం ఈగ వాలనివ్వలేదన్నాడు. అక్కడ ఉన్నవాళ్లంతా తలలూపారట. ఈ మాట విన్నప్పుడల్లా వకీలమ్మ ఇంటికొచ్చి గిన్నెలు చప్పుడు చేసేదని అమ్మ చెప్పేది. "తల్లిని కొడుతుంటె పిల్ల చెవులు పక్కింట్ల పెట్టి పంటదా? ఒకే చెయ్యి గదా. తల్లి మీదికి లేసేటప్పుడు ఒక చెయ్యి, పిల్ల దగ్గరికి వచ్చేటప్పుడు ఒక చెయ్యి ఉంటయా మనిషికి?"

కానీ కోర్టుకు కావలసింది వేరు. పిల్ల మీద చెయ్యి పడిందా లేదా అన్నది తేలాలి. నా ఒంటి మీద మచ్చలు బయటికి కనబడేవి కావు, కనబడ్డా ఆటలో పడ్డానని నానమ్మ చెప్పమన్నట్టే చెప్పేదాన్ని. అమ్మ అడిగితే కూడా అదే చెప్పేదాన్ని. అమ్మ అప్పటికే బాగా ఏడుస్తోంది, ఇంకా ఏడిపించడం ఎందుకని. ఏడేళ్ల పిల్లకు అంత తెలివి ఉంటుందా అంటారేమో. కొట్టే ఇంట్లో పెరిగిన పిల్లకు ఆ తెలివి తొందరగానే వస్తుంది.

జడ్జిగారు పిల్లతో మాట్లాడి చెప్పమని ఒక కౌన్సెలర్‌ను పెట్టారు. ఆమెకు తెలుగు రాదు. నాకు మరాఠీ బడిలో నేర్చుకున్నంతే వచ్చు, కొత్తవాళ్ల ముందు అదీ రాదు. తెలుగు తెలిసిన గుమాస్తా ఒకాయనను పక్కన కూర్చోబెట్టారు. మంచివాడు. నది అవతల పుట్టి, ఉద్యోగం వచ్చి ఇటు స్థిరపడినాయన. నాకు బిస్కెట్ పుడా ఇచ్చాడు. ఏం చదువుతున్నావు, ఎవరితో ఆడుకుంటావు అన్నీ అయ్యాక, "మీ నాయిన ఎట్లుంటడు బిడ్డా?" అని అడిగాడు.

నేను చెప్పేశాను. నానమ్మ లేదు, అమ్మ లేదు, అడిగినాయన మంచివాడు. ఎన్నాళ్లుగానో నోట్లో ఉన్న మాట.

"నాయిన మారతడు" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. ఆమెకు మరాఠీలో చెప్పాడు. ఆమె ముఖమూ వెలిగింది. నా తల నిమిరి రాసుకుంది.

ఇక్కడ ఆగి చెప్పాలి. మాది ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మరాఠీలో మార్ అంటే కొట్టడం. మా వాడకట్టు పిల్లలం ఆ మాటను బడినుంచి తెచ్చుకుని దానికి మా తోక తగిలించేవాళ్లం. సార్ మారిండు, వాడు నన్ను మారిండు, మారకురా. అట్లా. నది అవతలినుంచి వచ్చిన మనిషికి 'మారతడు' అంటే మారతాడనే, మంచివాడవుతాడనే. ఆయన విన్నది ఆయన తెలుగు. నేను చెప్పింది మా వాడకట్టు తెలుగు.

నాకు మాత్రం ఆ రోజు వేరే అర్థమైంది. నాయన కొడతాడని చెప్తే ఇద్దరు పెద్దవాళ్లు నవ్వారు. అంటే అది భయపడాల్సిన సంగతి కాదన్నమాట, అందరిళ్లలో ఉండేదే అన్నమాట. ఇక ఎవరికీ చెప్పనక్కర్లేదని అనుకున్నాను. బిస్కెట్లు తిన్నాను.

అమ్మ కూడా నది అవతలి మనిషే. ఇంట్లో నోరు జారి నేను ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, ఆమె దాన్ని ఎట్లా విన్నదో నేను ఎప్పుడూ అడగలేదు. అడగను కూడా.

తరువాతి తారీఖున ఆ నివేదిక చదివారు. తన తండ్రి మారతాడని బాలికకు నమ్మకం ఉంది, భయం కనిపించలేదు. నాయన తరఫు వకీలు చేతులు జోడించాడు, పిల్లే చెప్తోంది కదా సాహెబ్ అని. జడ్జిగారు ఆలోచించి, ఎండాకాలం సెలవులు మొత్తం పిల్లను తండ్రి దగ్గర ఉంచి చూద్దాం, బాగుంటే పై చదువు అక్కడే చదవనిద్దాం అన్నారు. అమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉందట.

వకీలమ్మ లేచింది. తరువాత జరిగింది అమ్మ చెప్పగా విన్నదే, ఎన్నోసార్లు చెప్పించుకుని విన్నది.

"సాహెబ్, పిల్ల ఏమన్నదో కాదు, ఏ మాట అన్నదో చెప్పించండి. తెలుగు మాట" అని మరాఠీలో అడిగింది.

గుమాస్తా లేచి నిలబడి చెప్పాడు. "నాయిన మారతడు అన్నదండీ."

వకీలమ్మ నోట్లో లవంగం తీసి కొంగు చివర ముడివేసుకుందట. "ఈయన తప్పేమీ లేదు సాహెబ్" అంది. "ఈయనది మంచి తెలుగు. పిల్లది మా ఊరి తెలుగు. నేను కూడా చిన్నప్పుడు ఇట్లే మాట్లాడి మా అమ్మతో తిట్లు తిన్నాను. మీరే ఒకసారి పిల్లను పిలిచి అడగండి. నాయన గురించి వద్దు, బడి గురించి అడగండి. బడిలో ఎవరు మారతరని. నేను లోపలికి రాను. నేనుంటే నేర్పిందంటారు."

పెద్దమనిషి వకీలు అడ్డం చెప్పాడు. పిల్లను ఎన్నిసార్లు వేధిస్తారన్నాడు. జడ్జిగారు, ఒక్కసారే కదా, అడుగుతానన్నారు.

ఇక్కడినుంచి నాకు బాగా గుర్తుంది. జడ్జిగారి గదిలో కుర్చీ ఎత్తుగా ఉంది, కాళ్లు నేలకు అందలేదు. ఆయన నా సంచి మీది బొమ్మ చూసి ఏదో అడిగారు. తరువాత గుమాస్తా అడిగాడు.

"బిడ్డా, మీ బడిల ఎవరు మారతరు?"

"గణితం సార్ మారతడు" అన్నాను. ఇదేం ప్రశ్న, అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. "స్కేలుతోని."

గుమాస్తా దాన్ని మరాఠీలో చెప్పాల్సిన అవసరం కూడా పడలేదు. మరాఠీ మనిషికి ఆ మాట నేరుగానే అర్థమైంది. జడ్జిగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనే అడిగారు, మెల్లగా, మరాఠీలో. మరి నాయన?

"నాయిన చెయ్యితోని" అన్నాను. తరువాత, అడిగింది పూర్తిగా చెప్పాలి కదా అని, "చార్జర్ వైరుతోని గూడ" అన్నాను. ఎక్కడ అని ఆయన అడగలేదు. నేనే లేచి వెనక్కి తిరిగి తొడల మీద చూపించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది చూసి నాకు మొదటిసారి ఏడుపు వచ్చింది.

నేను బయటికి వచ్చాక గుమాస్తా వకీలమ్మ దగ్గరికి వచ్చాడు. ఆయన చేతులు ఎటు పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాయి. "అమ్మా, నాకు తెల్వలే. మంచి మాట అన్నదనుకొని మస్తు సంతోషపడ్డ." వకీలమ్మ ఆయనను కూర్చోబెట్టి నీళ్లు ఇప్పించింది. "పరేషాన్ కాకు అన్నా. మనసుల మంచి ఉన్నది గాబట్టి మంచే వినబడ్డది. ఇగనుంచి పిల్లలు చెప్తె ఇంకోసారి అడుగు, గంతే."

వారం వారం నాయన ఊరికి పంపే ఏర్పాటు ఆ రోజే రద్దయింది. పిల్ల తల్లి దగ్గరే ఉండాలి, తండ్రి చూడాలనుకుంటే పగటిపూట సిరొంచలోనే, మరో పెద్దామె ఎదురుగా చూడాలి. ఆఖరి తీర్పు రావడానికి చాలా రోజులు పట్టింది, వచ్చాక కూడా అదే ఉంది. ఎవరి ఇంట్లో చూడాలి అన్నప్పుడు ఇంకెవరూ ముందుకు రాలేదు. రెండువైపులా ఒప్పుకుని వకీలమ్మ ఇల్లే ఖాయం చేశారు.

ఆ ఆదివారాలు విచిత్రమైనవి. నాయన బిస్కెట్లు పట్టుకుని వచ్చేవాడు. నేను తలుపు పక్క కుర్చీలో, ఆయన ఎదురుగా. వకీలమ్మ కింద చాప మీద కూర్చుని అనపకాయలు ఒలిచేది. మధ్యలో మాట కలిపేది కాదు, లేచిపోయేదీ కాదు. మంచిగ సదువుతున్నవా అని నాయన అడిగేవాడు. ఆ అనేదాన్ని. తింటున్నవా. ఆ. అంతకుమించి మా ఇద్దరికీ మాటలు లేవు. ఒకరోజు ఆయన ఏడ్చాడు. నేను కుర్చీ దిగబోయాను. వకీలమ్మ చేతిలో కాయ పక్కన పెట్టకుండానే అంది. "కూసో బిడ్డా. పెద్దోళ్లను ఊకోబెట్టే పని నీది కాదు. నువ్వు పిల్లవు." ఆయనకు మాత్రం లేచి నీళ్లు ఇచ్చింది. ఆ రెండు పనులూ ఒకే మనిషి చేయగలదని నేను అప్పుడే చూశాను.

మెల్లమెల్లగా నాయన రావడం తగ్గించాడు, తరువాత మానేశాడు. నాకు హాయిగా ఉంది, ఏడుపూ వచ్చింది. ఎందుకేడుస్తున్నానో తెలియక ఇంకా ఏడ్చాను. "రెండు గూడ ఉంటయి బిడ్డా. ఒకటి దాచిపెట్టే పని లేదు" అంది. వకీలమ్మ పోయిన రోజు నాయన కూడా వచ్చి గేటు బయట కాసేపు నిలబడి వెళ్లాడట. ఎందుకొచ్చాడో నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

ఆమె అన్ని కేసులూ గెలవలేదు. కొందరు పిల్లలు ఆమె వద్దన్న ఇళ్లకే వెళ్లారు. అట్లాంటి ఊళ్లవైపు ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక పని పడేది. విత్తనాలని, పెళ్లిపిలుపని, మోపెడ్ వేసుకుని వెళ్లి, ఆ ఇంటి ముందు ఆగి, దాహమేస్తోంది నీళ్లివ్వమని అడిగేది. పిల్ల నీళ్లు తెస్తే చెయ్యి చూసేది, నడక చూసేది. ఆ ఇంటివాళ్లకు ఈమె ఎందుకొచ్చిందో తెలుసు. ఆమెకు కావలసిందీ అదే, తెలియాలనే. అట్లా వెళ్లి ఇంటికొచ్చాక, "నేను సరిగ్గ ఇనలే" అని ఒకసారి తనలో తాను అనుకోవడం విన్నాను.

చివరిసారి చూసినప్పుడు మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. లవంగం వద్దన్నారట డాక్టరు, ఉప్పు వద్దన్నారట, గట్టిగా మాట్లాడవద్దన్నారట. "ఇగ నన్నెందుకు ఉంచుతున్నరో" అంది. నేను చిక్కిపోయానని తిట్టింది. మా బడి పిల్లల సంగతి చెప్పమంది. గోండీలో ఒక పాప ఏదో అంటే నేను కడుపునొప్పి అనుకున్నానని, రెండోసారి అడిగితే ఇంటి మీద బెంగ అని తేలిందని చెప్పాను. వకీలమ్మకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నా చెయ్యి పట్టుకుని, విడిచిపెట్టకుండా, ఆ పాప ఏ మాట అన్నదో అదే మాట చెప్పమని మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. ఆమె అంటే నాకు ప్రాణం. ఆ సంగతి ఆమెతో అనలేదు, అన్నా తిట్టేదే.

కోర్టు రోజు సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. అది చెప్పి ఆపుతాను.

ఆ రోజుల్లో మా దిక్కు వచ్చే బస్సు ఆ పూటకు ఒకటే. గెలిచినవాళ్లకో బస్సు, ఓడినవాళ్లకో బస్సు ఉండదు కదా. నాయన, నానమ్మ ముందు సీట్లో కూర్చున్నారు. మేము ముగ్గురం వెనక. అమ్మ కిటికీ పక్కన, నేను మధ్యలో, వకీలమ్మ ఈ చివర. అమ్మ ఒకసారి ఏడుస్తోంది, ఒకసారి నవ్వుతోంది. జడ్జిగారు ఏం చెప్పారో నాకు విడమరిచి ఎవరూ చెప్పలేదు. గొడవ అంతా తీరిపోయిందని పెద్దవాళ్లు అనుకున్నారు, నాకూ తెలిసిపోయి ఉంటుందనుకున్నారు. నాకు తెలిసింది ఒక్కటే. నాయన ఊరు రోడ్డు పక్కనే ఉంది. బస్సు ఆ ఊళ్లో ఆగితే నేను దిగాలి.

జిమల్‌గట్ట దాటింది. నేను సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మకు నిద్ర పట్టింది, ఎన్నాళ్ల నిద్రో. ఊరు వచ్చింది. బస్సు ఆగింది. నాయన దిగాడు, నానమ్మ దిగి వెనక్కి తిరిగి చూసింది. కండక్టరు నన్ను వారం వారం అక్కడ చూసినవాడే. తలుపు పట్టుకుని నిలబడి నా వైపు చూశాడు.

"పోరి దిగదా?"

నేను లేచి నిలబడ్డాను. దారిలో వకీలమ్మ మోకాళ్లు అడ్డం ఉన్నాయి. ఆమె వాటిని జరపలేదు. నా వైపు చూడలేదు, కిందనున్నవాళ్ల వైపూ చూడలేదు. బస్సంతా వినబడేటట్టు కండక్టరుతో అంది.

"దిగేటోళ్లు దిగిన్రు. పోనియ్."

కండక్టరు తాడు లాగాడు. గంట మోగింది. బస్సు కదిలింది, ఊరు వెనక్కి పోయింది. నేను సంచి పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాను.